అంకుడు కర్ర టోన్ఆర్మ్

మా తాతయ్య రికార్డ్ ప్లేయర్ విరగ్గొట్టింది నేనే. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో. మూత తీసి, ముల్లుండే చెయ్యి, అదే టోన్ఆర్మ్, పట్టుకుని లాగితే మొదట్లోకి పుటుక్కుమంది. తాతయ్య ఏమీ అనలేదు. ఎల్పీలన్నీ బీరువా మీదికి ఎక్కించేశాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఈ సెమిస్టర్ సెలవుల్లో కొత్త చెయ్యి చేశాను. అంతకుముందు హాస్టల్లో టేకుతో ఒకటి చేశాను గానీ, అది బరువెక్కువ. కార్ట్రిడ్జ్‌తో కలిపి ఎఫెక్టివ్ మాస్ నా లెక్కలో 30 గ్రాములు, కంప్లయన్స్ 15. ఆ రెండూ గుణించి, వర్గమూలం తీసి, దాంతో 159ని భాగిస్తే 7.5 హెర్ట్జ్ రెజొనెన్స్. 8 నుంచి 12 మధ్య ఉండాలంటారు. కాస్త వంగిన రికార్డు మీద పెట్టగానే గంతులేసింది.

మా ఊరు ఏటికొప్పాకకి దగ్గరే. అక్కడి లక్కబొమ్మలు చేసేది అంకుడు కర్రతో. ఒక మేస్త్రి గారిని సన్నటి కడ్డీ కావాలని అడిగితే, "ఇదేం బొమ్మ బాబూ?" అని నవ్వి లేతుకెక్కించాడు. తిరుగుతున్న కర్రకి లక్క అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. రంగు నేను చెప్పలేదు, ఆయనే పసుపు వేసేశాడు. మొత్తం 18 గ్రాములు, 9.7 హెర్ట్జ్. ఈసారి ముల్లు నిలబడింది.

మొదటి రోజు వినిపించింది ఒకటే, గుయ్‌మని హమ్. ఎర్త్ వైరు కలపడం మర్చిపోయాను (ఈఈఈ వాళ్ళు నవ్వొద్దు). తర్వాత ఘంటసాల భగవద్గీత పెట్టాను, 1974లో ఆయన పోకముందు పాడింది. శ్లోకం అయిపోయి తాత్పర్యం మొదలయ్యే చోట, పాడే గొంతు కాస్తా మాట్లాడే గొంతుగా దిగుతుంది చూడండి, అది ఫోన్లో ఎన్నిసార్లు విన్నా నేను పట్టించుకోలేదు. ఇక్కడ ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే ఉంది. లోపాలూ ఉన్నాయి. రికార్డు మధ్యకి వచ్చేకొద్దీ స, ష లు చిరుగుతున్నాయి. లోపలి గాడి చిన్నది కాబట్టి కొంత తప్పదు, కొంత నా అలైన్‌మెంట్ తప్పే.

ఇదంతా చెక్క మహిమేనా? అనుమానమొచ్చి అల్యూమినియం గొట్టంతో ఇంకోటి చేసి, అదే కార్ట్రిడ్జ్ బిగించాను. నేను అటు తిరిగి కూర్చుంటే తమ్ముడు మార్చి మార్చి పెట్టాడు. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసూ వేసినా అన్ని వస్తాయి. చెక్క వెచ్చదనం అని రివ్యూలు రాసేవాళ్ళతో ఇక నేను వాదించను, ఒప్పుకోను కూడా.

తాతయ్య మాత్రం ఇంతసేపూ వరండాలో పేపర్ చదువుతున్నట్టే ఉన్నాడు. పేజీ తిప్పడం లేదు. ఉన్నట్టుండి వేలు పైకెత్తి, "ఇప్పుడొస్తది చూడు" అన్నాడు.

టిక్. రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. మళ్ళీ టిక్. మళ్ళీ టిక్.

"అది మీ నాన్న గీసిందిరా. ఐదేళ్ళప్పుడు."

నాన్న వైపు చూశాను. నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు.

తాతయ్య పేపర్ మడిచి, కుర్చీ లోపలికి లాక్కుని వచ్చాడు. "తిప్పి రెండోవైపు వెయ్యి. మెల్లిగా."