పోసిన మట్టి ధర

భివండీ శాంతి నగర్‌లో ఆ జాగా ధర 18 లక్షలు. పక్క గల్లీలో అంతే జాగా 23. "ఐదు లక్షలు మిగులుతయి బావా, ఇంకిన్ని సాంచెలు పెట్టుకోవచ్చు" అన్నాడు మా బామ్మర్ది. సిరిసిల్ల నుంచి వచ్చిన మాబోటి వాళ్లకు లాభాన్ని సాంచెల్లో, అంటే మరమగ్గాల్లో, లెక్కపెట్టడం అలవాటే.

ధర ఎందుకు తక్కువో అమ్మేవాడు దాచలేదు. పల్లం జాగా, మట్టి పోసి ఎత్తు చేశారు. ఎండాకాలం గడ్డపార దిగనంత గట్టిగా ఉంది. ఆ గట్టితనాన్నే నేను నమ్మలేదు. రోలరు తొక్కని మట్టిలో రేణువుల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. పొడిగా ఉన్నంతకాలం సన్నటి బంకమన్ను వాటిని పట్టి ఉంచుతుంది, మీద ఇల్లు లేచినా మోస్తుంది. నీరు దిగితే ఆ పట్టు వదులుతుంది, రేణువులు ఖాళీల్లోకి జారతాయి. బరువు ఒక్క కిలో పెరగకపోయినా పునాది కుంగుతుంది. తడి బంకమట్టి అయితే నీరు వదులుకుంటూ ఏళ్ల తరబడి కుంగుతుంది. ఈ పోసిన మట్టికంత ఓపిక లేదు. ఇల్లంతా సమంగా దిగినా కొంత నయం. మోరీ పగిలిన మూల ఒక్కటే దిగుతుంది, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది.

2020 సెప్టెంబరులో జిలానీ బిల్డింగ్ కూలి దాదాపు 40 మంది పోయాక భివండీలో ఇల్లు కొనేవాళ్లంతా పిల్లర్లు తట్టి చూస్తున్నారు. పిల్లరు కింద ఏముందని అడిగేవాళ్లు తక్కువ.

చిట్టీ ఎత్తిన డబ్బులోంచి 30 వేలు మట్టి పరీక్షకు పెట్టాను. "కొనని జాగాకు ఖర్చేంది" అని ఇంట్లో గొడవ. చెదరకుండా కోసిన మట్టి మీద చదరపు మీటరుకు 20 టన్నుల లెక్కన బరువు మోపి, తర్వాత నీటితో తడుపుతారు. మాది 6 శాతం కుంగింది. ఇంజనీర్లు జెన్నింగ్స్, నైట్ 1975లో ఇచ్చిన కొలత ప్రకారం 1 శాతం లోపు భయం లేదు, 5 దాటితే ఇబ్బంది, 10 దాటితే తీవ్రం. పోసిన మట్టి రెండు మీటర్లు. అంత బరువు కింద మొత్తం తడిస్తే 12 సెంటీమీటర్లు దిగుతుంది.

ఆ కాగితం ముందు పెడితే ధర పదహారున్నరకు వచ్చింది. పునాదిని కింది గట్టి మొరం దాకా దింపడానికి అదనంగా రెండున్నర లక్షలు. అయితే సాంచెలు నిలబడేది నేల మీద కదా! అక్కడి మట్టి తవ్వి, తడిపి, పొరలుగా దిమ్మిస కొట్టించడానికి మరో 60 వేలు. పరీక్ష ఖర్చుతో సహా అంతా కలిపి 19 లక్షల 90 వేలు, ఇంకా పక్క గల్లీ కంటే తక్కువే. "డబ్బు మట్టిలో పోశావు" అంటాడు బామ్మర్ది.

జాగా చౌకగా వస్తుందంటే మట్టి ఎంత లోతు పోశారో, రోలరు తొక్కిందో లేదో అడగండి. తెలియదంటే అడ్వాన్సు ఇవ్వకముందే గుంట తవ్వించండి.