మౌస్ నొక్కిన సంగతి ఎవరికి తెలియాలి?

కంప్యూటరు తెర మీద ఒక బొమ్మపై మౌస్ నొక్కుతాం. ఏదో ఒక పని జరుగుతుంది. నొక్కినవారికి ఇది ఒకే సంఘటన. ప్రోగ్రాము రాసేవారికి మాత్రం ఇందులో రెండు సంగతులున్నాయి. ఎడమ మీటను ఫలానా చోట నొక్కారన్న కబురు ఒకటి. ఆ మనిషి కోరుతున్నదేమిటన్నది మరొకటి. మొదటిదాన్ని ఈవెంట్ అంటారు, రెండవదాన్ని కమాండ్ అంటారు. ఈ రెండింటినీ విడివిడిగా ఎందుకు ఉంచాలో నాకు పుస్తకాల కంటె ఒక గ్రంథపాలకుడే బాగా తెలియజేశారు.

మౌస్ కొత్త వస్తువేమీ కాదు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ 1964లో దాన్ని చిన్న చెక్కపెట్టెగా, అడుగున రెండు చక్రాలతో తయారుచేశాడు. మౌస్ నొక్కితే జరగవలసిన పనినంతా ఆ ఈవెంట్ దగ్గరే రాసేయడం చాలాకాలం ప్రోగ్రామర్ల అలవాటు. తెరను, లోపలి సమాచారాన్ని వేరుచేసే ఒక పద్ధతిని నార్వే శాస్త్రవేత్త ట్రిగ్వే రీన్‌స్కౌగ్ 1979లో రూపొందించాడు. దాని వారసుల్లో ఒకటి మోడల్-వ్యూ-వ్యూమోడల్. మైక్రోసాఫ్ట్ ఇంజినీరు జాన్ గాస్‌మన్ 2005లో దీన్ని వివరించాడు. విండోస్ తెరలను తయారుచేయడానికి 2006లో వచ్చిన డబ్ల్యు.పి.ఎఫ్. అనే సాధనంతో ఇది వ్యాపించింది.

పేరు చూసి బెదరనక్కరలేదు. టిఫిను హోటలును తలచుకోండి. బల్ల దగ్గర కూర్చున్నవారు చెయ్యి ఊపి పిలుస్తారు, లేదా కళ్ళతోనే సైగ చేస్తారు. సర్వరు వంటింటి వైపు తిరిగి "ఒక పెసరట్టు" అంటాడు. చెయ్యి ఊపారా, సైగ చేశారా అన్నది వంటమనిషికి అనవసరం. బల్లలున్న గది వ్యూ. ఆర్డరు అందుకొని, పిండి అయిపోతే "లేదు" అని చెప్పేవాడు వ్యూమోడల్. లోపలి సరుకు, లెక్కలు మోడల్. సైగను ఆర్డరుగా మార్చే సర్వరు పనిని బైండింగ్ చేస్తుంది. ఈ పోలికను ఇంతకంటె సాగదీయకూడదు. సర్వరు కబుర్లు చెబుతాడు, బైండింగ్ చెప్పదు.

ఇక గ్రంథాలయం సంగతి. అక్కడ పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే ప్రోగ్రామును సవరించమని నన్ను పిలిచారు. అంతకుముందు దాన్ని వేరొకరు రాశారు. పట్టికలో పుస్తకం పేరు మీద డబుల్ క్లిక్ చేస్తేనే అది సభ్యునికి ఇచ్చినట్టు నమోదవుతుంది. గ్రంథపాలకుడుగారికి చెయ్యి వణుకుతుంది. విండోస్‌లో మామూలుగా రెండు నొక్కుల మధ్య అర సెకను మించకూడదు, బాణం గుర్తు పెద్దగా కదలకూడదు. ఆయన నొక్కితే రెండు వేర్వేరు నొక్కులయ్యేవి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్ళు మూసుకొని చెప్పగల మనిషి, ఒక్కొక్క పుస్తకానికీ అటెండరును పిలిచి నొక్కించుకునేవారు. వరుసలో నిలబడ్డవారు చూస్తూ ఉండేవారు.

ఎంటర్ మీటతో పని జరిగేలా చేయడం తేలికే అనుకుంటాం. అయితే గడువు తేదీ లెక్క, సభ్యుని బాకీ పరీక్ష, డేటాబేస్‌లో రాయడం అన్నీ ఆ డబుల్ క్లిక్ ఈవెంట్‌లోనే ఇరుక్కుని ఉన్నాయి. వాటిని బయటికి తీసి వ్యూమోడల్‌లో "పుస్తకం ఇవ్వు" అనే కమాండ్‌గా పెట్టాను. కమాండ్‌కు రెండు బాధ్యతలుంటాయి. పని చేయడం ఒకటి, ఇప్పుడు ఆ పని చేయవచ్చో లేదో చెప్పడం మరొకటి. తరువాత పట్టికకు ఒక మౌస్‌బైండింగ్, ఎంటర్ కోసం ఒక కీబైండింగ్ జతచేసి, పక్కనే పెద్ద బటన్ కూడా పెట్టాను. మూడింటికీ కమాండ్ ఒక్కటే. సభ్యునికి బాకీ ఉంటే బటన్ దానంతట అదే మసకబారుతుంది. గ్రంథపాలకుడుగారు ఎంటర్ నొక్కి చూసి, "అయితే ఇక అబ్బాయిని పిలవక్కరలేదన్నమాట" అన్నారు. మరో మాట లేకుండా తరువాతి పుస్తకం అందుకున్నారు.

మరొక లాభం కూడా కలిగింది. బాకీ ఉన్నవారికి పుస్తకం వెళ్ళడం లేదని తెర తెరవకుండా, మౌస్ ముట్టకుండా పరీక్షించగలిగాను.

మౌస్ కదలిక, తెర మీది వస్తువులోకి బాణం గుర్తు రావడం వంటి ఈవెంట్లకు డబ్ల్యు.పి.ఎఫ్.లో నేరుగా కమాండ్ ఉండదు. బిహేవియర్ అనే జోడింపుతో వాటినీ కమాండ్‌కు కలపవచ్చు. అప్పుడు ఈవెంట్ వివరాలనన్నింటినీ మూటగట్టి వ్యూమోడల్‌కు పంపే వీలూ ఉంది. నేను పంపను. పంపితే వంటమనిషి మళ్ళీ బల్లల వైపు తొంగిచూస్తున్నట్టే.

అలాగని వ్యూ వెనుక ఒక్క పంక్తి కూడా రాయకూడదనే పట్టుదల నాకు నచ్చదు. బొమ్మలు గీసే ప్రోగ్రాములో మౌస్ పట్టి లాగుతున్నంతసేపూ గీత వెంట రావాలి. ఆ పని వ్యూలోనే జరగనిస్తాను. చేయి వదిలాక గీత మొదలైన చోటును, ముగిసిన చోటును కాగితం కొలతల్లోకి మార్చి, ఆ నాలుగు అంకెలే వ్యూమోడల్‌కు అందిస్తాను. అవి మౌస్ నుంచి వచ్చినా, ఎవరైనా కీబోర్డు మీద టైపు చేసినా లోపల గీత ఒకేలా పడుతుంది.