రథి ఎవరు? ఒక సైకిలు పునర్నిర్మాణం

శ్రీ గురుభ్యో నమః

ఆలూరులోని ఒక ఉపాధ్యాయుని ఇంట, దివంగతుడైన తమ్ముని మౌంటెన్ సైకిలు ఆరు సంవత్సరాలు వసారాలోనే ఉండిపోయింది. విక్రయించడానికి మనసు రాలేదు, అధిరోహించడానికి ధైర్యం చాలలేదు. చక్రాలకు తుప్పు పట్టి, టైర్లు పగుళ్లు వారిన పిమ్మట, ఉక్కు ఫ్రేమును మాత్రం నిలుపుకొని, పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్‌బారుతో దానిని పునర్నిర్మించాలని ఆయన సంకల్పించారు. 1671లో బృందావన ప్రవేశం చేసిన శ్రీ రాఘవేంద్ర తీర్థుల సన్నిధికి, మంత్రాలయానికి, దానిపై యాత్ర చేయాలన్నది ఆయన ఆకాంక్ష. నీడ లేని రేగడి నేలల నడుమ, ఎదురుగాలిలో శరీరాన్ని వంచి సాగడానికి ఆ ఆకృతి అనుకూలం.

ఈ సంయోగం అపూర్వమేమీ కాదు. 1987లో బ్రిడ్జ్‌స్టోన్ సంస్థ తన ఎంబి-1 మౌంటెన్ సైకిలును డ్రాప్ బారుతోనే విక్రయించింది. 1990లో అమెరికన్ క్రీడాకారుడు జాన్ టోమాక్ అటువంటి బారుతోనే కొండదారుల పోటీలలో పాల్గొన్నాడు.

అయినను కార్యం సులభం కాలేదు. మౌంటెన్ ఫ్రేము సహజంగా పొడవైనది. డ్రాప్ బారు చేతులను ఇంకా ముందుకు చాపిస్తుంది. కనుక పొట్టిదీ, ఎత్తైనదీ అయిన స్టెమ్ అవసరమైంది. పాత హ్యాండిల్ పట్టు వ్యాసం 22.2 మి.మీ., క్రొత్తదానిది 23.8 మి.మీ. అందుచేత పాత బ్రేకు లీవర్లు పట్టలేదు. సాధారణ రోడ్డు లీవర్లు బిగిస్తే, అవి వీ-బ్రేకులకు కావలసినంత కేబులును లాగవు. లీవరు బారును తాకినా చక్రం నిలువలేదు. వీ-బ్రేకులకై ప్రత్యేకించి చేసిన డ్రాప్ లీవర్లు తెప్పించాకనే బండి వశమైంది.

పాత గ్రిప్పులు విప్పే వేళ ఆయన చేయి ఆగింది. ఆ రబ్బరుపై తమ్ముని వేళ్ల అరుగుదల స్పష్టంగా ఉంది. మెకానిక్ ఊరడించాడు: "బాధపడొద్దు సార్. ఫ్రేము అదే గదా, బండీ అదే."

ఈ ఊరట వేదాంతమువలె ధ్వనిస్తుంది: మారే భాగాలు దేహం, మారని ఫ్రేము ఆత్మ. కానీ శాస్త్రం దీనిని అంగీకరించదు. న్యాయ వైశేషికుల దృష్టిలో అవయవాలు మారితే పూర్వపు అవయవి నశించి, నూతన అవయవి ఉత్పన్నమవుతుంది. బౌద్ధుల మిలిందపన్హంలో నాగసేనుడు చక్రంలోనూ, ఇరుసులోనూ, నొగలోనూ రథం కానరాదని, వాటి సముదాయానికి అది వ్యవహార నామమేనని తేల్చాడు. ఫ్రేము కూడా ఒక భాగమే. తుప్పు దానినీ వదలదు.

కఠోపనిషత్తు మరొక మార్గం చూపింది. ప్రథమాధ్యాయ తృతీయ వల్లిలో యమధర్మరాజు నచికేతునికి శరీరమే రథమని, బుద్ధి సారథి అని, మనస్సు పగ్గమని, ఇంద్రియాలు అశ్వాలని బోధించి, ఆత్మను రథిగా నిరూపించాడు. రథ భాగాలలో దేనికీ రథి స్థానం ఇవ్వలేదు. ఇది గ్రహించినప్పుడు ఆ ఉపాధ్యాయునికి రెండు విషయాలు స్పష్టమయ్యాయి. ఫ్రేమును భద్రపరచినంత మాత్రాన తమ్ముడు భద్రంగా ఉండడు. గ్రిప్పులు తీసివేసినంత మాత్రాన తమ్మునికి లోపమూ కలుగదు. తమ్ముడు ఆ ఇనుములో ఏనాడూ లేడు.

జ్ఞానం దుఃఖాన్ని అవమానించదు; దానికి తగిన స్థానం చూపుతుంది. ఆయన ఆ గ్రిప్పులను పారవేయలేదు, పూజా మందిరంలోనూ ఉంచలేదు. పనిముట్ల పెట్టెలో, నిత్యం చేయి తగిలే చోట ఉంచారు.

పగ్గం అశ్వానికి తగినదై ఉండాలి. పొందిక లేని లీవరు ఎంత బలంగా నొక్కినా బండిని ఆపలేదు. వివేకంతో పొసగని మనస్సు ఎంత బిగబట్టినా శోకాన్ని ఆపలేదు. సాధకుడు సరిచూసుకోవలసినది ఆ పొందికనే.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.