రసీదు ఉందా అక్కా?

2023 ఎండాకాలం. సోమశిల రేవులో నీళ్లు బాగా వెనక్కి పోయాయి. పడవ కోసం కూర్చుంటే పక్కనున్న అక్క పూణెకు వలస పోయే కబురు ఎత్తింది. "నెలన్నర సంది ఉపాధి పని అడుగుతున్నం, ఇయ్యలే. ఇగ పోక తప్పదు."

ఎట్ల అడిగినవంటే, నోటితోనే. "చూద్దాం తీ" అన్నారట.

తంటా అంతా ఆ "చూద్దాం తీ"లోనే ఉంది. అప్పటికి అమల్లో ఉన్న 2005 ఉపాధి హామీ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాల్సి ఉండేది. మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత సగం. కానీ తేదీ వేసిన రసీదు లేకపోతే అడిగినట్టే లెక్కలోకి వచ్చేది కాదు. అప్పట్లో పని ఇస్తే కూలి డబ్బు కేంద్రం ఇచ్చేది, భృతి మాత్రం రాష్ట్ర ఖజానా నుంచి పోయేది. రసీదంటే అధికారులకు అంత జంకు అందుకేనని నా అనుమానం.

సంచిలోంచి జాబ్ కార్డు తీసి చూపించింది. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది, లోపల పేజీలు మాత్రం సగం తెల్లగానే. ఆ కార్డుతో పాటు ఒక్క చీటీ ఉంటే మండలంలో ఫిర్యాదు పెట్టొచ్చు, అక్కడ కాకపోతే పైకి పోవచ్చు.

వకీలుకు డబ్బులెక్కడివి అంది. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగానే వకీలును ఇస్తారు. మీ ఊళ్లో ఎవరికైనా అవసరముంటే చెప్పండి: న్యాయసేవల ఫోన్ నంబరు 15100.