కుకీలు నేర్పమన్నావు గదా

నీ ఉత్తరం మొదటి రెండు పేజీలు నవ్వుకుంటూ చదివాను. మూడో పేజీలో ఆగిపోయాను. "దీపావళి సెలవుల్లో దాన్ని నీ దగ్గరికి పంపిస్తా, నాలుగు రకాల కుకీలు నేర్పు, ఆడపిల్ల గదా, రేపు ఎక్కడికి పోయినా పనికొస్తుంది" అని రాశావు. నిజం చెప్పు, అది నువ్వే రాశావా, మీ అత్తగారు పక్కన కూర్చొని రాయించారా? ఉస్మాన్‌షాహీ మిల్లు దగ్గర్నుంచి నగీనా ఘాట్ దాకా కిరాయి సైకిల్ తొక్కి, గంట ఎక్కువైతే ఆ డబ్బులు కూడా నాతోనే కట్టించిన మనిషివి నువ్వు. వాడకట్టంతా నిన్ను మగరాయుడని పిలిస్తే, తిట్టో మెచ్చుకోలో పట్టించుకోకుండా పెడల్ మీద లేచి నిలబడి తొక్కేదానివి. ఆ మాట నీ కలం నుంచి ఎట్లా వచ్చింది?

సరే, జవాబు తర్వాత రాస్తా. ముందు ఇక్కడి సంగతులు. నాందేడ్‌లో ఎండ తగ్గింది, వెన్న మళ్లీ చెప్పిన మాట వింటోంది. మే నెలలో ముద్ద కలిపి అటు తిరిగేలోపు ట్రేలో జారిపోయేది. దీపావళి ఆర్డర్లు మొదలయ్యాయి. ఇక్కడ సగం మంది గుడ్డు లేకుండానే కావాలంటారు, అందుకని నాన్‌ఖటాయీలే ఎక్కువ పోతున్నాయి. జొన్నపిండి కుకీలు కూడా అడుగుతున్నారు. మరాఠ్వాడాలో జొన్నకేం కొదవ! అయితే జొన్నలో గ్లూటెన్ ఉండదు గదా, పిండి పట్టు ఇవ్వదు, చేతిలోకి తీసుకుంటే రాలిపోతుంది. కాస్త గోధుమపిండి కలిపి, ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత వత్తుతున్నాను. మీ ఆయనకు చెప్పు, ఆ పొడి పొడి రుచి ఆయనకు నచ్చుతుంది.

ఇక నీ మాట. నేర్పడానికి నాకేం అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా ఆ "ఆడపిల్ల గదా" మీదనే.

దీపావళి ముందు మన అమ్మలు బిస్కెట్లు చేయించుకురావడానికి భట్టీకి పోయేవాళ్లు, గుర్తుందా? మైదా, చక్కెర, డాల్డా ఇంటి నుంచి మోసుకుపోవాలి, ఖాళీ నూనె డబ్బా కడిగి తుడిచి పట్టుకుపోవాలి. ఆ డబ్బాలతో ఆడవాళ్లంతా బయట వరసలో నిలబడితే, మనల్ని వంతు కాయమని కూర్చోబెట్టేవాళ్లు. నువ్వు ఐదు నిమిషాలకు మాయమయ్యేదానివి. నేను కదిలేదాన్ని కాదు. లోపల ఉస్తాద్ డాల్డాను చక్కెరపొడితో అరచేతి మడమ పెట్టి రుద్దేవాడు. ముద్దగా ఉన్నది మెత్తబడి, నురగలా తేలికయ్యేదాకా రుద్దేవాడు. అప్పుడే మైదా పోసేవాడు. మైదా పడ్డాక మాత్రం ఎక్కువ పిసికేవాడు కాదు, వేళ్లతో దగ్గరికి తెచ్చి వదిలేసేవాడు. ఎందుకట్లా అని నేను ఇంటికొచ్చి ఆలోచించేదాన్ని. పిసికిన కొద్దీ పిండి సాగుతుంది, బిస్కెట్టు గట్టిపడుతుంది అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. భట్టీ తలుపు తీయగానే ముక్కు అదిరిపోయే ఘాటు వచ్చేది చూడు, అది పిండిలో కలిపే అమ్మోనియా. కాలుతుంటే ఎగిరిపోతుంది, బిస్కెట్టును కరకరలాడేట్టు చేసి పోతుంది.

ఒకసారి నేనూ వత్తుతానని లోపలికి అడుగు వేశాను. "ఆడపిల్లకు భట్టీ దగ్గర ఏం పని?" అన్నారు. అన్నది ఉస్తాద్ కాదు, వరసలో ఉన్న మనవాళ్లే. అదే మనవాళ్లు ఇంట్లో పిండి దగ్గర నేను లేకపోతే "ఆడపిల్లవి, పిండి కలపడం రాకపోతే ఎట్లా" అనేవాళ్లు. పిండి అదే, చేతులవే. ఇంట్లో ఊరికే చేస్తే ఆడపని, కూలి ముట్టే చోట చేస్తే మగపని. ఇది నాకు అప్పుడే మనసులో పడింది, చెప్పడానికి మాటలు లేవు, అంతే.

నువ్వుండే సూరత్ సంగతే చూడు. నాన్‌ఖటాయీ పుట్టిల్లు అదేనంటారు. డచ్చివాళ్లు పోతూ పోతూ వదిలిన బేకరీని దోటీవాలా అనే పార్సీ ఆయన తీసుకున్నాడనీ, ఎండిన రొట్టెకు గిరాకీ చూసి బిస్కెట్లు, నాన్‌ఖటాయీలు మొదలుపెట్టాడనీ చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో కరాచీ బేకరీ పెట్టింది ఖాన్‌చంద్ రామ్నాని, 1953లో. ఉస్మానియా బిస్కెట్టుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు. మన నాయనలు పనిచేసిన మిల్లుకూ ఆయన పేరే. 1956 దాకా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే గదా, అందుకే ఈ బిస్కెట్లు, ఛాయ్ మనకు పరాయివి అనిపించవు. వాళ్లందరి పనితనం మీద నాకు గౌరవం ఉంది. కాని పెరట్లో కుంపటి మీద ఇసుక పోసిన గిన్నె పెట్టి, దాంట్లో పళ్లెం దించి, పైమూత మీద నిప్పులు వేసి నాన్‌ఖటాయీ కాల్చిన మా మేనత్త పేరు ఏ బోర్డు మీదికీ ఎక్కలేదు.

"నీకు ఇష్టమయ్యే చేశావు గదా, ఇప్పుడు ఈ గోలేంది?" అంటావు. నువ్వంటావని తెలుసు. ఇష్టమే. ఆ ఇష్టాన్ని నాకు దక్కనివ్వలేదన్నదే నా బాధ. నేను పళ్లెం పట్టుకొచ్చి పెడితే వచ్చినవాళ్లు ఏమనేవాళ్లో గుర్తు తెచ్చుకో. "ఏ ఇంటికి పోతుందో గాని, వాళ్లు అదృష్టవంతులు!" బిస్కెట్టు బాగుందని ఒక్కరు అన్నారా? తీపి తగ్గిందని, ఏలకులు దంచడం సరిగా లేదని ఎవరైనా అన్నారా? తిన్నది బిస్కెట్టును, చూసింది నన్ను. పెళ్లిచూపులు పదేళ్ల వయసులోనే మొదలైనట్టుండేది. పైగా మీ అమ్మ నీ చెవి పట్టుకొని, "దాన్ని చూసి నేర్చుకో" అనేది. నేను ప్రేమగా చేసిన దానితో నిన్ను కొట్టేవాళ్లు. అందుకే చాలా ఏళ్లు నేను ఓవెన్ జోలికి పోలేదు, నీకు తెలుసు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు నువ్వు ఫోన్‌లో "మొత్తానికి దారికొచ్చావు" అని నవ్వావు.

డబ్బుకు అమ్మడం మొదలుపెట్టాక ఒకటి జరిగింది. వజీరాబాద్ నుంచి ఒక పెద్దాయన పెట్టె తీసుకుపోయి, రెండో రోజు ఫోన్ చేశాడు. "ఏలకులు ఎక్కువైనాయమ్మా, నెయ్యి వాసనను తొక్కేస్తున్నాయి. శనగపిండి ఇంకో రెండు నిమిషాలు వేయించి చూడు" అన్నాడు. మా ఇంట్లో అందరికీ కోపం వచ్చింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నా పనిని పనిగా చూసి, నాణెం ఎంచిన మొదటి మనిషి ఆయన. నేను ఎవరి కూతురిని, ఎవరి కోడలిని అని ఆయనకు అక్కర్లేదు. శనగపిండి వేయించి చూశాను, ఆయన మాట నిజం. ఇప్పటికీ అట్లాగే చేస్తున్నాను.

ఇంకో సంగతి. కింది ఇంట్లో ఒక పిల్లగాడున్నాడు, ఆరో తరగతి. స్కూల్ నుంచి రాగానే నా వంటింటి గడప మీద కూర్చుంటాడు. ట్రే బయటికి తీసినప్పుడు నాన్‌ఖటాయీ మెత్తగా ఉంటుంది గదా, ముట్టుకుంటే కూలిపోతుంది. "చల్లారితే గట్టిపడుతుంది, ఆగు" అంటే ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. పగుళ్లు ఎందుకు వస్తాయని అడుగుతాడు. వాళ్ల నాయనమ్మ వచ్చి, "ఆడంగిలాగ ఇక్కడేం చేస్తున్నవురా" అని రెక్క పట్టి లాక్కుపోయింది. ఆమె చెడ్డది కాదు. ఆమె అన్నది మనం చిన్నప్పటి నుంచి విన్నదే. నేను కిందికి పోయి ఆమెతో మాట్లాడాను. గురుద్వారా లంగర్‌లో సర్దార్‌జీలు వరసగా కూర్చొని రొట్టెలు చేస్తారు గదా పెద్దమ్మా, ఈ ఊర్లో ఎవరైనా వాళ్లను ఆడంగి అన్నారా అని అడిగాను. "అది సేవ" అంది. ఇంట్లో నువ్వు ఇన్నేళ్లు చేసింది మరేంది అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు గాని, మర్నాడు పిల్లగాడు మళ్లీ గడప మీదికొచ్చాడు.

పాఠ్యపుస్తకాలు కూడా మారుతున్నాయి. 2019లో మన మహారాష్ట్ర బాల్‌భారతి రెండో తరగతి పుస్తకంలో అమ్మానాన్నా ఇద్దరూ కూర్చొని ఆకుకూర బాగుచేస్తున్న బొమ్మ వేశారు. అదే ఏడు సర్కారు దేశమంతా తిరిగి, ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో లెక్క తీసింది. ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఆ 97 కూడా చేసేవాళ్ల లెక్కేనమ్మా, మగవాళ్లలో ముప్పాతిక మంది ఆ రోజు ఇంటి పని ముట్టుకోనే లేదు. పుస్తకంలో బొమ్మ వేసినంత మాత్రాన ఇల్లు మారదు. కాని నాకు ఆ వయసులో ఆ బొమ్మ కనిపించి ఉంటే బాగుండేది, మా తమ్ముడికి ఇంకా బాగుండేది. వాడు చెక్కలు వత్తడంలో నాకంటే నేర్పరి, తెలుసా? రెండు తిట్లకు మానేశాడు.

అందుకే నేను చెప్పేది విను. నీ బిడ్డకు కావాలంటే పంపు. నేర్పుతాను, గట్టిగానే నేర్పుతాను, తూకం తప్పితే ముద్ద పారేసి మళ్లీ కలపమంటాను. బాగా లేకపోతే బాగా లేదనే చెప్తాను. రేపు ఎక్కడికో పోతుందని మాత్రం నేర్పను. దానికి ఇష్టం లేకపోతే ఇక్కడ సైకిలుంది, గోదావరి ఉంది, సెలవులు గడిచిపోతాయి. నీ కొడుకు పోయినసారి వచ్చినప్పుడు నా బీటర్‌ను విప్పి మళ్లీ బిగించాడు, వెన్న ఎందుకు తెల్లబడుతోందని నాలుగుసార్లు అడిగాడు. వాడి పేరు ఉత్తరంలో ఎక్కడా లేదే? ఇద్దరినీ పంపు. ఇద్దరికీ ఒకే ఏప్రన్ ఉంది, వంతులవారీగా కట్టుకుంటారు.

ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. దాన్ని నేనే అడుగుతాను. నువ్వు పక్కన నిలబడి సైగలు చేయొద్దు.