తాళం వేసిన బడిలో తెలుగు పాఠాలు

2020 మార్చిలో కరోనా కారణంగా మా బడికి తాళం పడింది. నేను తెలుగు బోధించేది బాగేపల్లి తాలూకాలో, కాపురముండేది చింతామణిలో. బస్సులు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి తయారుచేసుకున్న పాఠాలు, అభ్యాసపత్రాలు బడి కంప్యూటరులోనే ఉండిపోయాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివే పిల్లలెందరో ఉన్న మా చిక్కబళ్ళాపురం జిల్లాలో, తెలుగు పుస్తకం చేతికందడమే అరుదు. ఆ ఫైళ్లే మాకు గ్రంథాలయం.

బడిలో ఏ గదినుండైనా ఆ ఫోల్డరు తెరుచుకొనేది. ఇంట్లోనూ అదే చిరునామా కొట్టి చూశాను; ఫలితం లేకపోయింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థికి ఫోను చేశాను.

"సార్, మనూళ్లో చింతచెట్టు ఇల్లు అంటే అందరికీ తెలుసు. ఊరు దాటితే ఎన్ని చింతచెట్లు లేవు? 192.168తో మొదలయ్యే చిరునామా కూడా అంతే. బడి గోడల లోపలే చెల్లుతుంది" అన్నాడు.

"అయితే బయటినుండి రావడానికి ఒక తలుపు తెరిచిపెట్టు నాయనా" అన్నాను.

వద్దన్నాడు. ఫైళ్లు పంచుకొనే 445 నంబరు ద్వారాన్ని ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచరాదనీ, 2017 మేలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము విండోస్ ఫైల్ షేరింగులోని లోపాన్ని ఆసరా చేసుకొనే ఎన్నో దేశాలకు పాకిందనీ వివరించాడు. ప్రయాణాలకు వీలు కలిగాక తానే వచ్చి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో రూటరులో వీపీఎన్ అమర్చాడు. నా ఇంటికీ బడికీ మధ్య ఇతరులు చదవలేని రహస్య మార్గమన్నమాట. పేరు, సంకేతపదం సరిపోతే నేను బడిలో కూర్చున్నట్లే. బడి కంప్యూటరు మాత్రం ఆన్‌లో ఉండాలి. ఆ బాధ్యత పక్కవీధిలో ఉండే అటెండరు తీసుకొన్నాడు.

ఆ రాత్రి, మా తాలూకాలోని కైవారంలో తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోనూ తత్త్వాలు చెప్పిన నారాయణ తాతయ్యగారిపై నేను వ్రాసిన పాఠం తెరిచాను. తెర నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు! పాఠమంతా పాత డీటీపీ ఫాంటులో టైపు చేశాను. ఆ ఫాంటు ఇంట్లో లేదు. దారి దొరికింది గాని తెలుగు దొరకలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండే స్థానముంది. అశ్రద్ధ నాదే. నేను పదవీ విరమణ చేశాక వచ్చే ఉపాధ్యాయునికి ఆ ఫైళ్లు ఉన్నా లేనట్లే గదా అనిపించి భయం వేసింది.

ఆ ఏడాదంతా ఒక్కొక్క ఫైలునూ యూనికోడ్‌లోకి మార్చాను. మార్పిడిలో చెదిరిన ఒత్తులను, గుణింతాలను కూర్చొని దిద్దాను.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇదే. పాఠాలు యూనికోడ్‌లోనే టైపు చేయండి. మరొక ఉపాధ్యాయునికీ ప్రవేశం కల్పించండి. దూరంనుండి తెరవగలిగినంత మాత్రాన ఫైలు భద్రమైనట్లు కాదు. వేరొక డిస్కులో నకలు ఉంచండి. నెట్ నెమ్మదిగా ఉంటే ఫైలును ముందు ఇంటి కంప్యూటరులోకి తెచ్చుకొని దిద్ది, తిరిగి పంపండి.

తల్లిదండ్రులారా, దిద్దిన తొలి పాఠాన్ని మీ ఫోన్లకే పంపాను. మరునాడు ఒక తల్లి ఫోను చేసి, మాట్లాడకుండా, తన కూతురు చదువుతుంటే వినిపించింది. ఆ ఫోనులో ప్రత్యేకమైన ఫాంటు ఏదీ లేదు.