మా ఋణములు

మా సంఘములో ఒక తల్లి యున్నది. పుంగనూరు ప్రక్క పల్లెలో ఆమె అంగన్‌వాడీ టీచరు. ఊరి పసిబిడ్డలకు అన్నము పెట్టుట, అక్షరములు దిద్దించుట, వారిని తూచి పుస్తకములో బరువు వ్రాయుట ఆమె పని. కుమార్తె కుప్పములో నర్సింగు చదువుటకు బ్యాంకులో ఋణము తీసికొనగా, ప్రక్కన సంతకము చేసినది ఈ తల్లియే. "భయపడకమ్మా, చదువు వృథా పోదు" అని ధైర్యము చెప్పినవాడను నేను.

చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము గడువుండును గాని, ఆ గడువులోను వడ్డీ పెరుగుచునే యుండును. ఆసుపత్రిలో పని దొరకక ఆ పిల్ల మదనపల్లెలో మంచము పట్టిన వృద్ధులకు వారి యిండ్లలోనే ఉపచారము చేయుచున్నది. ఆరోగ్యవరము వెలసిన పట్టణమైనను, ఇంటింట చేయు ఆ సేవకు కూలి స్వల్పము.

2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు వేతనపు పెంపు, గ్రాట్యుటీ కోరి సమ్మెకు దిగిరి. అప్పటికి టీచరు గౌరవ వేతనము నెలకు 11,500 రూపాయలు. గ్రాట్యుటీకి వారు అర్హులని సుప్రీంకోర్టు 2022లోనే తీర్పు చెప్పియుండెను. సమ్మె 42 దినములు సాగెను. ఆ దినములలోనే బ్యాంకు నోటీసు వచ్చినది. "అయ్యగారూ, మూడు కంతులు నిలిచిపోయినవి" అని ఆమె నా యొద్ద కన్నీరు పెట్టుకొనెను. నేను ప్రార్థన చేసి పంపివేసితిని.

ఆ ఆదివారము ప్రభువు నేర్పిన ప్రార్థనలో 'ఋణములు' అను మాటయొద్ద నా నాలుక తడబడెను. మత్తయి సువార్తలోని ఆ గ్రీకు మాటకు చెల్లింపవలసిన బాకీ అని అర్థమని సెమినరీలో నేర్చుకొంటిని. అయినను ఇన్నేండ్లును పాపములని మాత్రమే బోధించితిని. మోషే ధర్మశాస్త్రము ఏడవ యేట విడిచిపెట్టుమన్నది రూకల అప్పునే గదా! అప్పులవాని బాధతో వచ్చిన విధవరాలిని ఎలీషా వట్టి దీవెనతో పంపలేదు. ఆమె యింట ఏమి కలదో విచారించి, బాకీ తీరు దారి చూపెను.

2008లో కేంద్రము, 2014లో మన రాష్ట్రము రైతుల అప్పులకు మాఫీ ప్రకటించినవి. చదువు అప్పునకు అట్టి విడుదల రాలేదు. అమెరికాలో 2007 నాటి చట్టము ప్రకారము ప్రభుత్వ కొలువులోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో ఉండి 120 నెలసరి కంతులు కట్టినవారికి మిగిలిన అప్పు కొట్టివేయుదురు. అక్కడను, తన యింటనే సొంతముగా పసిపిల్లలను సాకు స్త్రీకి ఆ మేలు అందదు. ఇంటిలో చేయు సేవ ఎక్కడను లెక్కకు రాదు కాబోలు.

సోమవారము నేను ఆమెతో బ్యాంకునకు పోతిని. గడువు పొడిగించి కంతు తగ్గించుటకు మేనేజరు ఒప్పుకొనెను. నిలిచిన వాటిలో ఒకటి నేను, రెండు సంఘస్థులు కట్టితిమి. అప్పు ఇంకను ఉన్నది. తల్లి ముఖములోని సిగ్గు మాత్రము పోయినది.

ప్రియ చదువరీ, నీ బిడ్డను ఎత్తుకొనిన చేతులు, నీ ముసలి తండ్రికి నీళ్లు పోసిన చేతులు ఎవరివి? ఈ నెల కంతు కట్టగలిగిరా అని వారిని అడుగుము. అడిగిన పిమ్మట ప్రార్థింపుము.